మూలం ఇచ్చాను, మాటలు మార్చాను, అయినా నా వ్యాసాలు తీసేశారు

ఈ ఉత్తరం రాసినది ఒక సైన్స్ టీచరు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం పెద్దది, అందులోని ముఖ్యమైన సంగతులు ఇక్కడ చెబుతున్నాను. ఆమె రెండేళ్లుగా ఒక ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో సముద్ర జీవుల గురించి తెలుగులో వ్యాసాలు రాస్తున్నారు. రాత్రి పనులన్నీ అయ్యాక కూర్చుని ఇప్పటికి యాభై దాకా రాశారు. తన దగ్గర చదువుకునే నలుగురు పిల్లలకు కూడా ఖాతాలు తెరిపించి, రాయడం నేర్పారు. పన్నెండు రోజుల కిందట ఆమె చర్చా పేజీలో ఒక సందేశం కనబడింది. ఆక్టోపస్ వ్యాసంతో కలిపి మూడు వ్యాసాలు వేరేచోట ఉన్న రచనలకు నకళ్లుగా తేలాయని, కాపీరైట్ ఉల్లంఘన కింద తొలగించామని, మళ్లీ ఇలా జరిగితే ఖాతాను నిరోధించాల్సి వస్తుందని అందులో ఉంది.

"నేను ఒక్క వాక్యం కూడా ఉన్నదున్నట్టు దించలేదు. మాటలన్నీ మార్చాను. కింద మూలం ఇచ్చాను. కొన్నయితే ఇంగ్లిష్ నుంచి కష్టపడి నేనే అనువాదం చేశాను. ఆ పేజీల్లో కాపీరైట్ గుర్తు కూడా లేదు. దొంగనైతే ఎక్కడి నుంచి తెచ్చానో నేనే ఎందుకు చెబుతాను?" అని అడిగారు. మిగతా వ్యాసాల్లో కూడా సగం ఇలా రాసినవేనట. అవి ఇంకా ఎవరి కంటా పడలేదు. ఆ సంగతి చెప్పేయాలా, ఊరుకోవాలా తెలియక నిద్ర పట్టడం లేదన్నారు. ఒక స్నేహితురాలు "ఆ ఖాతా వదిలేసి కొత్తది తెరువు" అంటోందట. జలచరాల మీద పుస్తకం రాసిన ఒక పెద్దాయన ఫోన్‌లో "నా పుస్తకంలోంచి ఏది కావాలన్నా వాడుకో తల్లీ" అన్నారట. ఆ మాట చాలునా అన్నది ఇంకో ప్రశ్న. చివర్లో రాసిన సంగతి నన్ను ఎక్కువ కదిలించింది. పిల్లల్లో ఒకరు "టీచర్, మీ ఆక్టోపస్ ఏమైంది?" అని అడిగితే, "సైట్‌లో ఏదో ప్రాబ్లమ్" అని చెప్పి తప్పించుకున్నారట.

టీచర్ గారూ,

మీ ఉత్తరంలో 'దొంగ' అన్న మాట ఐదుసార్లు వచ్చింది. మీకు వచ్చిన సందేశాన్ని మీరు మొత్తం రాసి పంపారు కదా, అందులో మాత్రం ఆ మాట ఒక్కసారి కూడా లేదు. ముందు దాన్ని పక్కన పెడదాం. ఒకరి రచనను తనదిగా చెప్పుకోవడం వేరు, ఒకరి రచనను అనుమతి లేకుండా వాడుకోవడం వేరు. మొదటిది గ్రంథచౌర్యం. మూలం ఇచ్చారు కాబట్టి మీరు ఆ పని చేయలేదు. జరిగింది రెండోది. మూలం చూపిస్తే సమాచారం ఎక్కడిదో పాఠకుడికి తెలుస్తుంది, అంతవరకే. ఆ వాక్యాలు రాసిన మనిషి అనుమతి దానివల్ల రాదు. ఈ రెండూ ఒకటే అనుకుని ఇబ్బందిలో పడినవాళ్లు చాలామంది ఉన్నారు.

కాపీరైట్ గుర్తు లేదన్న సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. 1886 నాటి బెర్న్ ఒప్పందం ఇప్పుడు ప్రపంచంలో దాదాపు అన్ని దేశాలకూ వర్తిస్తోంది. దాని ప్రకారం రచన చేసిన క్షణం నుంచే రచయితకు హక్కు ఉంటుంది. రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, గుర్తు పెట్టక్కర్లేదు. ఏమీ రాయని పేజీ కూడా హక్కులున్న పేజీయే అనుకోవాలి. అనువాదం చేయించుకునే హక్కు కూడా ఆ ఒప్పందం ప్రకారం మూల రచయితదే. కాబట్టి ఇంగ్లిష్ పత్రికలోని వ్యాసాన్ని మీరెంత శ్రమపడి తెలుగు చేసినా, దాన్ని ప్రచురించాలంటే ఆయన ఒప్పుకోవాలి. శ్రమ మీదే, నేను కాదనను. కానీ శ్రమపడినంత మాత్రాన హక్కు రాదు.

మరి "మాటలన్నీ మార్చాను కదా" అంటారు. మీ వ్యాసం, అసలు వ్యాసం రెండూ పంపారు. ఆ రచయిత వాక్యాన్ని ఇక్కడ మళ్లీ అచ్చు వేయడం నాకు ఇష్టం లేదు కాబట్టి, అదే తీరులో నేనొకటి రాస్తాను. మూలం ఇలా ఉందనుకోండి:

"సముద్రపు అడుగున రాళ్ల సందుల్లో ఒంటరి సన్యాసిలా బతికే ఆక్టోపస్‌కు ప్రకృతి మూడు గుండెలను ప్రసాదించింది, రెండు మొప్పల కోసం, ఒకటి ఒళ్లంతటి కోసం అలుపెరగక శ్రమిస్తాయి."

మీ పద్ధతిలో దాన్ని మారిస్తే ఇలా వస్తుంది:

"సాగర గర్భంలో బండల మధ్య ఏకాకి మునిలా జీవించే ఆక్టోపస్‌కు సృష్టి మూడు హృదయాలను ఇచ్చింది, రెండు మొప్పల కొరకు, ఒకటి శరీరమంతటి కొరకు విశ్రాంతి లేకుండా పనిచేస్తాయి."

ఆక్టోపస్, మొప్పలు, అంకెలు తప్ప ఒక్క మాటా కలవలేదు, నిజమే. కానీ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చదవండి. సన్యాసి ముని అయ్యాడు, పోలిక అలాగే ఉంది. ముందు ఇల్లు, తర్వాత ఒంటరితనం, ఆ తర్వాత వరం, చివర శ్రమ అనే నడక కూడా అలాగే ఉంది. ఆక్టోపస్‌ను సన్యాసితో పోల్చాలన్న ఊహ ఒక మనిషికి ఒక రోజు తట్టింది. ఆ ఊహ ఆయనదే. ఇక ఆక్టోపస్‌కు మూడు గుండెలున్నాయన్న సంగతి ఆయన సొత్తు కాదు, ఎవరి సొత్తూ కాదు. విషయాలకు కాపీరైట్ ఉండదు, వాటిని చెప్పిన తీరుకు ఉంటుంది. 1991లో అమెరికా సుప్రీంకోర్టు ఒక టెలిఫోన్ డైరెక్టరీ కేసులో ఇదే చెప్పింది. పేర్లు, ఊళ్లు, నంబర్లు పోగు చేయడానికి ఎంత శ్రమపడినా ఆ వివరాల మీద ఎవరికీ హక్కు రాదంది. అదే తీర్పులో, వివరాలను ఎంచుకున్న తీరులో, అమర్చిన తీరులో సొంత ఆలోచన ఉంటే దానికి రక్షణ ఉంటుందని కూడా చెప్పింది. పర్యాయపదాలు వేసుకుంటూ పోయినప్పుడు మీరు తొక్కింది ఈ రెండో భాగాన్ని.

ఇప్పుడు ఆ వాక్యాన్ని పక్కన పెట్టేసి, ఇంకో రెండు మూలాలు చదివి, విషయం మాత్రమే తీసుకుంటే:

"ఆక్టోపస్‌కు మూడు గుండెలు ఉంటాయి. రెండు గుండెలు రక్తాన్ని మొప్పల గుండా పంపుతాయి. అక్కడ ఆక్సిజన్ అందుకున్న రక్తాన్ని మూడోది మిగతా శరీరానికి చేరుస్తుంది. ఆక్సిజన్‌ను మోసే హీమోసయానిన్‌లో రాగి ఉండడం వల్ల ఈ రక్తం నీలంగా ఉంటుంది. ఈదే సమయంలో మూడో గుండె కొట్టుకోవడం ఆగుతుంది."

ఇందులో సన్యాసి లేడు, వరం లేదు. మూలంలో లేని రాగి సంగతి, ఈదేటప్పుడు గుండె ఆగడం వచ్చి చేరాయి. ఒక్కో వాక్యానికీ అది ఏ మూలం నుంచి వచ్చిందో చూపించవచ్చు. విజ్ఞాన సర్వస్వానికి కావాల్సింది కూడా ఇంత సాదా వచనమే.

మీరు తరగతిలో పాఠం ఎలా చెబుతారో ఒకసారి గుర్తు చేసుకోండి. పుస్తకం తెరిచి వాక్యం తర్వాత వాక్యం మాటలు మార్చి చదవరు కదా! ముందు రోజు చదువుకుంటారు, పుస్తకం మూస్తారు, పిల్లల ముఖాలు చూస్తూ మీ మాటల్లో చెబుతారు. రాసేటప్పుడు కూడా అదే చేయండి. రెండు మూడు మూలాలు చదవండి. వాక్యాలు రాసుకోవద్దు, "గుండెలు 3, మొప్పలకు 2, రాగి, నీలం" అన్నట్టు ముక్కలుగా రాసుకోండి. ఆ ముక్కలను మీకు తోచిన క్రమంలో పేర్చుకోండి. మూలాల కిటికీలు మూసేసి, కుదిరితే మర్నాడు రాయండి. రాశాక మళ్లీ తెరిచి అంకెలు, పేర్లు, తేదీలు సరిచూసుకోండి. మీ వాక్యం మూలానికి మరీ దగ్గరగా వచ్చిందేమో కూడా అప్పుడే చూసుకోవచ్చు. ఒకరి మాట యథాతథంగా కావాల్సి వస్తే ఒకటి రెండు వాక్యాలు కొటేషన్ గుర్తుల్లో, చెప్పినవారి పేరుతో ఇవ్వవచ్చు. పేరాలకు పేరాలు కొటేషన్‌లో పెట్టడం మాత్రం కుదరదు.

మీ పిల్లల్లో ఒకరు మూలాన్ని ఏఐ టూల్‌కి ఇచ్చి తిరగరాయించుకుంటున్నారని రాశారు. అది చేసేదీ ఈ పర్యాయపదాల పనే, కాకపోతే వేగంగా చేస్తుంది. పైగా మూలంలో లేని సంగతులు కూడా కల్పించి ఇవ్వవచ్చు. ప్రచురించు మీట నొక్కిన మనిషిదే బాధ్యత.

ఇక మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న, మిగిలిన వ్యాసాల సంగతి. మీరు ఏ విజ్ఞాన సర్వస్వంలో రాస్తున్నారో చెప్పలేదు కాబట్టి, అందరికీ తెలిసిన వికీపీడియా పద్ధతుల ప్రకారం చెబుతాను. మిగతావి కూడా చాలావరకు ఆ దారిలోనే నడుస్తాయి. మీ ముందు నాలుగు దారులున్నాయి.

ఏమీ చెప్పకుండా ఊరుకోవచ్చు. కొన్నాళ్లు ఎవరూ చూడకపోవచ్చు కూడా. కానీ అక్కడ ప్రతి మార్పూ పేజీ చరిత్రలో ఉంటుంది, మీ ఖాతా నుంచి జరిగిన మార్పులన్నీ వరసగా ఒకేచోట కనబడతాయి. నకళ్లను వెతికిపెట్టే టూల్స్ ఉన్నాయి. ఒకరి వ్యాసాల్లో ఇలాంటివి పదేపదే బయటపడితే ఇంగ్లిష్ వికీపీడియాలో ఆ మనిషి చేసిన మార్పులన్నిటినీ వాలంటీర్లు కూర్చుని ఒక్కొక్కటీ పరిశీలిస్తారు. అలాంటి పరిశీలనలు కొన్ని ఏళ్ల తరబడి సాగుతున్నాయి. జీతం లేని మనుషులు ఇంకో వ్యాసం రాసుకోవాల్సిన సాయంత్రాలు అందులో పోతాయి.

దొరికిపోతారన్న భయం కంటే పెద్ద కారణం ఇంకోటుంది. మీరు పెట్టిన పేరా మీద ఆరు నెలలకు ఒకరు తేదీ సరిచేస్తారు, ఒకరు బొమ్మ చేరుస్తారు, ఇంకొకరు తమకు తెలిసిన రెండు పేరాలు కలుపుతారు. తర్వాతెప్పుడో మీ పేరా నకలని తేలితే, నకలు లేని పాత కూర్పు దాకా వెనక్కి పోవాలి. వ్యాసం మొదలైందే నకలుతో అయితే శుభ్రమైన కూర్పంటూ ఉండదు, మొత్తం తీసేయాల్సి వస్తుంది. ఆ తేదీ, ఆ బొమ్మ, ఆ రెండు పేరాలు ఏ తప్పూ లేకుండానే పోతాయి. ఆలస్యమైన కొద్దీ ఇలా పోయేది పెరుగుతుంది. అసలు సంగతి ఇంకొకటి కూడా ఉంది. వికీపీడియాలో ప్రచురించు మీట నొక్కిన ప్రతిసారీ, "ఈ పాఠ్యాన్ని పేరు చెప్పి, ఇదే లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు" అని మీరు మాట ఇస్తున్నారు. 2023 నుంచి అక్కడ ఉన్నది క్రియేటివ్ కామన్స్ బై-ఎస్ఏ 4.0 లైసెన్సు. మీ మాట నమ్మి ఎవరో మీ వ్యాసాన్ని పుస్తకంలో వేసుకుంటే, రేపు ఆ అసలు రచయిత నిలదీసేది వాళ్లను.

మీ స్నేహితురాలు చెప్పిన కొత్త ఖాతా మీ మంచికోరి చెప్పిందే. మంచి పేరుతో ఖాతా వదిలేసి కొత్తగా మొదలుపెట్టడం తప్పు కాదు. పాత ఖాతా మీద హెచ్చరిక ఉండగా, దాన్ని తప్పించుకోవడానికి కొత్తది తెరవడం మాత్రం మోసం కిందే లెక్క. రెండూ ఒకరివేనని తెలిస్తే అప్పటిదాకా తెలియక చేసిన పొరపాటు కాస్తా తెలిసి చేసిన తప్పు అవుతుంది. ఈ దారి నేను చెప్పను.

మూడోది, ఎవరికీ చెప్పకుండా మీరే ఒక్కో వ్యాసాన్నీ తిరగరాసుకోవడం. ఊరుకోవడం కంటే ఇది చాలా మేలు, చదివేవాళ్లకు కనబడే పేజీ బాగుపడుతుంది. కానీ నకలు పాత కూర్పుల్లో అలాగే ఉంటుంది. పేజీ చరిత్రలోని కూర్పులను దాచగలిగేది నిర్వాహకులే, మీరు చెప్పకపోతే వాళ్లకు తెలియదు. పైగా సగం పని అయ్యేలోపు ఎవరైనా పట్టుకుంటే, మీరు దిద్దుతున్నారని వాళ్లెలా అనుకుంటారు?

నాలుగోది, మీరే వెళ్లి చెప్పడం. ఇందులోనూ నష్టం ఉంది, దాచను. కొన్ని వ్యాసాలు వెంటనే పోతాయి. ఎవరైనా కటువుగా మాట్లాడవచ్చు, అక్కడందరూ మృదువుగా రాయరు. కొన్నాళ్లు మీ ప్రతి మార్పునూ ఎవరో ఒకరు చూస్తుంటారు. అయితే ఇంతమంది వాలంటీర్లు నెలల తరబడి వెతకాల్సిన జాబితా మీ దగ్గర తయారుగా ఉంది. ఏ పేరా ఎక్కడిదో మీకు తెలుసు. అది మీరే ఇస్తే ఆ పని కొన్ని వారాల్లో తేలిపోతుంది. పాత నకళ్లు తామే చెప్పి తామే దిద్దుతున్న మనిషిని నిరోధించాల్సిన అవసరం సాధారణంగా రాదు. హెచ్చరిక అన్నది మళ్లీ చేసేవాళ్ల కోసం. మూడు, నాలుగు దారులు కలిపి నడిస్తే మంచిదని నా ఉద్దేశం: ముందు చెప్పండి, తర్వాత వారానికి రెండు మూడు చొప్పున తిరగరాయండి. ఎంత వేగంగా అన్నది మీ ఓపికను బట్టి.

వ్యాసాలు వేరుచేసేటప్పుడు అన్నీ ఒకే గాటన కట్టకండి. ఇంగ్లిష్ వికీపీడియా నుంచే అనువదించినవి ఏడెనిమిది ఉన్నాయన్నారు. వాటికి భయం లేదు, అక్కడి పాఠ్యం వాడుకోవడానికి లైసెన్సు ఉంది. ఎక్కడి నుంచి తెచ్చారో చెప్పకపోవడమే లోపం. పేజీలో చిన్న మార్పు చేసి, దిద్దుబాటు సారాంశంలో (మార్పుతో పాటు రాసే చిన్న వివరణలో) ఫలానా ఇంగ్లిష్ వ్యాసం నుంచి అనువదించానని దాని లింకుతో రాస్తే సరిపోతుంది. చర్చా పేజీలో కూడా ఒక మాట రాయండి. పత్రికలు, వెబ్‌సైట్ల నుంచి అనువదించినవి, మాటలు మార్చి రాసినవి, ఇవే తిరగరాయాల్సినవి.

బొమ్మలు కూడా చూసుకోండి. సెర్చ్‌లో దొరికిన ఫొటో ఉచితం అనుకోవద్దు, దాని హక్కు సాధారణంగా తీసినవారిది. వికీపీడియాకు బొమ్మలు అందించే వికీమీడియా కామన్స్ సైట్‌లో స్వేచ్ఛా లైసెన్సుతో ఉన్నవి దొరుకుతాయి. మీది సముద్ర జీవుల అంశం కాబట్టి ఒక వెసులుబాటు ఉంది: అమెరికా ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగులు విధుల్లో భాగంగా తీసిన ఫొటోలకు ఆ దేశంలో కాపీరైట్ ఉండదు. అక్కడి సముద్ర, వాతావరణ పరిశోధన సంస్థ నోవా తీసిన చిత్రాలు చాలా ఉన్నాయి. ఒక్కోదాని కింద ఎవరు తీశారో చూసుకుని వాడండి, ఆ సైట్లలో బయటివాళ్ల ఫొటోలు కూడా కలిసి ఉంటాయి.

పెద్దాయన మాట. ఆయన మనసు పెద్దది, కానీ ఫోన్‌లో అన్న మాట ఎవరికీ చూపించలేం. చూపించినా, "నువ్వు వాడుకో" అన్నది మీకిచ్చిన అనుమతి. వికీపీడియాకు కావాల్సింది ప్రపంచంలో ఎవరైనా వాడుకునే అనుమతి. వ్యాపారానికి వాడకూడదు, మార్చకూడదు అనే షరతులుంటే పనికిరాదు. ఆయన నిజంగా ఇవ్వదలిస్తే ముందు ఇవన్నీ ఆయనకు విడమరిచి చెప్పాలి: రేపు ఎవరైనా ఆ భాగాలను అచ్చు వేసి అమ్ముకోవచ్చు, ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకోవడం కుదరదు. హక్కులు ఆయన దగ్గరే ఉన్నాయా, పబ్లిషరుకు రాసిచ్చారా అన్నది కూడా అడగాలి. అన్నీ కుదిరితే, ఫలానా లైసెన్సుతో విడుదల చేస్తున్నానని ఆయనే ఈమెయిల్‌లో రాసి పంపాలి. అనుమతులు సరిచూసే వాలంటీర్ల బృందం ఒకటుంది. ఈ తతంగం అక్కర్లేని దారి కూడా ఉంది. ఆయన పుస్తకాన్ని మూలంగా పెట్టుకుని, అందులోని సంగతులు మీ మాటల్లో రాయండి. ఆయన పేరు ప్రతి మూలంలో కనబడుతుంది, పుస్తకం ఆయనదిగానే ఉంటుంది. నేనైతే ఆయన్ను అంత పెద్ద నిర్ణయంలోకి లాగకుండా ఇదే చేస్తాను.

పిల్లలకు నిజం చెప్పండి. వాళ్లు మీ దగ్గరే నేర్చుకున్నారు కాబట్టి వాళ్ల వ్యాసాల్లోనూ ఇదే పద్ధతి ఉంటుంది. హెచ్చరిక వాళ్ల చర్చా పేజీలోకి రాకముందే మీ నోట వినడం మంచిది. పైన నేను రాసిన సన్యాసి వాక్యం, ముని వాక్యం బోర్డు మీద పక్కపక్కన రాసి, "ఇందులో ఎవరిదీ కానిదేది, రాసినవాళ్లదేది?" అని అడగండి. వాళ్లే గీతలు గీసి చూపిస్తారు. తర్వాత బోర్డు తుడిపేసి, ఆక్టోపస్ గుండెల గురించి ఎవరికి వాళ్లను రాయమనండి. నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు.

సందేశం వచ్చి పన్నెండు రోజులైంది, మీరింకా జవాబు ఇవ్వలేదు. మిగతావన్నీ తర్వాత, ముందు అది రాయండి. ఇంత చాలు: "మూలం ఇచ్చి మాటలు మారిస్తే సరిపోతుందనుకున్నాను. పొరపాటని ఇప్పుడు అర్థమైంది. నేను రాసిన ఇంకొన్ని వ్యాసాల్లోనూ ఇదే ఉంది, జాబితా కింద ఇస్తున్నాను. తిరగరాయడం మొదలుపెడతాను, ముందు ఏవి తీసేయాలో చెప్పండి." ఆ తర్వాత మీ వాడుకరి ప్రయోగశాలలో, అంటే చిత్తు రాసుకునే మీ సొంత పేజీల్లో, ఆక్టోపస్ అని పేరు పెట్టి, ఖాళీ పేజీతో మొదలుపెట్టండి.